ఆర్‌టీఎంఎస్ చేయించుకున్నాను: నల్గొండ నుంచి ఒక టీచర్ అనుభవం

డిప్రెషన్‌కు ఏళ్ల తరబడి గోలీలు వేసుకుంటూ, కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికే వచ్చేవాళ్లకు డాక్టర్లు ఈమధ్య, తలకు ఒక తీగచుట్ట ఆనించి అయస్కాంత శక్తితో మెదడును తట్టి లేపే ఆర్‌టీఎంఎస్ అనే ట్రీట్‌మెంట్ గురించి చెబుతున్నారు. నాకూ చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి ఫోన్‌లో తెలుగులో ఎంత వెతికినా, ఆ కుర్చీలో కూర్చుంటే నిజంగా ఏమవుతుందో, నొప్పి ఉంటుందో లేదో, నల్గొండలో ఉండేవాళ్లు రోజూ హైదరాబాద్ ఎలా పోయి రావాలో చెప్పేవాళ్లు ఒక్కరూ కనబడలేదు, కనబడినవన్నీ హాస్పిటళ్ల ప్రకటనలే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, సర్కారు బడిలో చిన్న తరగతులకు చెప్పే టీచర్ని. నాకు జరిగింది, మా డాక్టర్ వివరించింది, అక్కడ కూర్చున్నప్పుడు తోటి పేషెంట్ల దగ్గర విన్నది, ఇంతే ఇందులో ఉన్నది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మెషిన్ కింద కూర్చోవడం కష్టం కాదు. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాల పాటు, ఏ మార్పూ కనబడని రోజుల్లో కూడా మానకుండా పోవడమే కష్టం. ఏ పని మీదా మనసు లేక, మంచం దిగడమే గగనమైన మనిషికి రోజూ తయారై వంద కిలోమీటర్లు పొమ్మంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. సెలవు, డబ్బు, ఉండే చోటు, తోడు వచ్చే మనిషి, ఇవన్నీ కుదుర్చుకున్నాకే మొదలుపెట్టండి.

నా జబ్బు గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఇలాగే ఉన్నవాళ్లు తమది డిప్రెషన్ అనే అనుకోరు. ముందు నిద్ర పోయింది. తర్వాత తిండి మీద రుచి పోయింది. బడిలో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే వాళ్ల పెదాలు కదలడం కనబడేది, వింటున్నట్టు తల ఊపేదాన్ని, ఒక్క ముక్క లోపలికి పోయేది కాదు. ఏడుపు కూడా వచ్చేది కాదు. డిప్రెషన్ అంటే ఎప్పుడూ ఏడుస్తూ ఉండటమనే చాలామంది అనుకుంటారు, నాకు మాత్రం అంతా మొద్దుబారిపోయినట్టు ఉండేది. మా అత్తమ్మ నన్ను చెరువుగట్టు రామలింగేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లి అమావాస్య రాత్రి గుట్ట మీద నిద్ర చేయించింది. ఆమె నమ్మకం ఆమెది, ఆ రాత్రంతా ఆమె పడుకోకుండా నా పక్కన కూర్చున్నది మాత్రం నేను మర్చిపోను.

నల్గొండలోనే మానసిక వైద్యుడి దగ్గర మొదలైంది. మొదట ఎస్సిటాలోప్రామ్, డోసు పెంచుతూ పోయారు, కొన్ని నెలలు పర్వాలేదు అనిపించి మళ్లీ జారిపోయాను. తర్వాత వెన్లాఫాక్సిన్. చెమటలు, నోరు ఎండిపోవడం వచ్చాయి గానీ మనసు కుదుటపడలేదు. అప్పుడు డాక్టర్ చెప్పిందేమిటంటే, రెండు రకాల మందులు సరిపడా డోసులో సరిపడా వారాలు వాడినా పని చేయకపోతే దాన్ని మందులకు లొంగని డిప్రెషన్ అంటారు, మూడో మందు, నాలుగో మందు మారుస్తూ పోయేకొద్దీ పని చేసే అవకాశం తగ్గుతూ వస్తుంది, ఆర్‌టీఎంఎస్ గురించి ఆలోచించాల్సింది సరిగ్గా ఇక్కడే. హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కు రాసిచ్చారు. రాసిస్తూ ఒకటి గట్టిగా చెప్పారు: "చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే ఆర్‌టీఎంఎస్ మొదలయ్యేదాకా ఆగొద్దమ్మా, ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి." 14416 నంబర్ కూడా కాగితం మీద రాశారు, అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ లైన్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించాం.

ఇంట్లో చెప్పగానే గొడవ మొదలైంది. "తలకాయకు కరెంట్ పెడతరట, ఉన్న మతి కూడా పోతదేమో బిడ్డా, ఇంకొక్కసారి ఆలోచించు" అని అత్తమ్మ. మా చిన్నాయన అయితే ఫోన్‌లో ఏకంగా "ఎర్రగడ్డకు తీస్కపోతున్నరా" అని అడిగాడు. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లోని సర్కారు మానసిక ఆస్పత్రి, మా వైపు ఆ పేరెత్తితే ఇక ఆ మనిషి పని అయిపోయింది అన్నట్టే మాట్లాడతారు, అక్కడ మామూలుగా చూపించుకొని బాగై ఇంటికొచ్చి ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నా ఆ భయం పోదు.

ఆ భయం తీరడానికి డాక్టర్ దగ్గరికి మా ఆయనను కూడా తీసుకెళ్లాను, మీరూ ఇంట్లో ఒకరిని తీసుకెళ్లండి, మనం తిరిగొచ్చి చెప్పేదానికంటే వాళ్లే విని రావడం నయం. ఆర్‌టీఎంఎస్, షాక్ ట్రీట్‌మెంట్ వేరు వేరు. షాక్ ట్రీట్‌మెంట్ అని మనం పిలిచే ఈసీటీలో మత్తు ఇచ్చి, మెదడుకు కరెంట్ ఇచ్చి కొన్ని సెకన్లు ఫిట్స్ వచ్చేలా చేస్తారు. అది కూడా సినిమాల్లో చూపించినట్టు మనిషిని కట్టేసి చేసేది కాదు, మత్తు లేకుండా, కండరాలు సడలించే మందు లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తిండి మానేసి, ప్రాణం మీదికి వచ్చిన తీవ్రమైన డిప్రెషన్‌లో ఈసీటీ ఆర్‌టీఎంఎస్ కంటే బలంగా పని చేస్తుందట. కాబట్టి దాన్ని భూతంలా చూడొద్దు, నాకు రాసింది అది కాదు, అంతే. ఆర్‌టీఎంఎస్‌లో మత్తు లేదు, ఫిట్స్ తెప్పించడం లేదు, పరగడుపున రావాల్సిన పని లేదు, అడ్మిట్ కావడం లేదు, అయిపోగానే లేచి బస్సెక్కొచ్చు.

ఇది ఎలా పని చేస్తుందంటే, కాయిల్ అని ఒకటి ఉంటుంది, ప్లాస్టిక్ తొడుగులో ఎనిమిది అంకె ఆకారంలో చుట్టిన తీగ. దాంట్లోకి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టని కాలం పెద్ద కరెంట్ వదిలితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, ఎంఆర్ఐ మెషిన్‌లో ఉండేంత బలమైనది. అది వెంట్రుకలను, చర్మాన్ని, పుర్రె ఎముకను దాటి లోపలికి పోయి అక్కడి నరాల కణాల్లో చిన్న కరెంట్ పుట్టిస్తుంది. అంటే బయటి నుంచి కరెంట్ తలలోకి రాదు, వచ్చేది అయస్కాంత క్షేత్రం. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే, బడిలో ట్రాన్స్‌ఫార్మర్ పాఠంలో చెప్పేదే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన తోటివాళ్లు 1985లో దీన్ని మనిషి మెదడు మీద మొదటిసారి పని చేయించారు. డిప్రెషన్ ట్రీట్‌మెంట్‌గా, మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2008లో అనుమతి ఇచ్చింది. ఇది మా ఆయన చెవిన పడ్డాకే శాంతించాడు, కొత్తగా నా మీద ప్రయోగం చేస్తున్నారేమో అన్నది ఆయన భయం.

మొదలుపెట్టే ముందు ఒక పెద్ద ఫారం నింపిస్తారు, చాలా ప్రశ్నలు. తలలో లోహపు క్లిప్పులు, ముక్కలు ఉన్నాయా, చెవి లోపల వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్నారా, గుండెకు పేస్‌మేకర్ ఉందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా, తలకు పెద్ద దెబ్బ తగిలిందా, ఏ ఏ మందులు వాడుతున్నారు. పళ్లకు పెట్టించుకున్న సిమెంట్, క్యాపులు మామూలుగా అడ్డం కావు. ఈ ఫారం నింపేటప్పుడు దాపరికం వద్దు. ఆర్‌టీఎంఎస్‌లో అన్నిటికంటే భయపడాల్సిన ప్రమాదం ఫిట్స్ రావడం, అది వెయ్యిమందిలో ఒక్కరికంటే తక్కువే, కానీ నిద్ర లేకపోయినా, తాగినా, కొన్ని మందులు వాడుతున్నా, ఉన్నపళంగా మానేసినా ఆ ప్రమాదం పెరుగుతుంది.

ఇక్కడ మన వైపు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది కల్లు గురించి. నాతోపాటు వచ్చే పేషెంట్లలో కల్వకుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన ఉండేవాడు. తాగుడు అలవాటుందా అని ఫారంలో అడిగితే లేదని రాశాడట, ఎందుకంటే ఆయన లెక్కలో రోజూ సాయంత్రం తాగే కల్లు తాగుడు కిందికి రాదు. డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. మహబూబ్‌నగర్, నల్గొండ పల్లెల్లో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలుపుతారన్నది దాచేస్తే దాగే సంగతి కాదు. ఆ మందు ఒంట్లో ఉంటే ఆర్‌టీఎంఎస్ ప్రభావం తగ్గొచ్చు. మంచిదే కదా అని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావొచ్చు, మతి తప్పి మాట్లాడొచ్చు, మా వైపు కల్లు దొరకని రోజుల్లో మనుషులు అట్లా పడిపోయి ఆస్పత్రులకు చేరింది అందరం చూసిందే. ఆ పెద్దాయనకు ముందు దాన్ని మెల్లగా తగ్గించే మందులిచ్చి, ఆ తర్వాతే మొదలుపెట్టారు. మీ ఇంట్లోవాళ్లు కల్లు తాగేవాళ్లైతే ఇంతో అంతో అని చూడకుండా చెప్పండి.

రోజూ పోవడానికి నేను చేసుకున్న ఏర్పాటు ఇది. ఏప్రిల్ చివర్లో బడికి సెలవులిస్తారు, మళ్లీ జూన్ రెండో వారంలోనే తెరుస్తారు, కోర్సు పట్టేది దాదాపు అంతే. సెలవు పెట్టాల్సిన పని లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పని అంతకంటే లేదు. సోమవారం పొద్దున నల్గొండలో ఎక్కి, వారమంతా వనస్థలిపురంలో మా చెల్లె ఇంట్లో ఉండి, శుక్రవారం సిట్టింగ్ కాగానే ఇంటికి. ఎక్స్‌ప్రెస్ బస్సు, ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, నాకు ఆ మేరకు ఖర్చు తప్పింది. దేవరకొండ నుంచి ఒకామె రోజూ పోయి వచ్చేది. రాను పోను గంటల ప్రయాణం, మే నెల ఎండ, ఆమెకు తలనొప్పి మాకందరికంటే ఎక్కువ ఉండేది, అది మెషిన్ వల్లనో ఎండ వల్లనో తెలిసేది కాదు. వీలుంటే దగ్గర్లో ఎవరింట్లోనైనా ఉండండి.

మొదటి రోజు గంటన్నర దాకా పట్టింది, ఎందుకంటే కొలతలు తీసుకోవాలి. చెవి కమ్మలు, జడ పిన్నులు, కళ్లజోడు తీయించారు, ఫోన్, ఏటీఎం కార్డు ఉన్న బ్యాగును గది బయట పెట్టించారు. పుస్తెల తాడు సంగతి నేనే అడిగాను, తల చుట్టూ ఉండే లోహమే ముఖ్యం, మెడలోది కాయిల్‌కు దూరం, ఉంచుకోండి అన్నారు. ముడి వేసుకొని పోవద్దు, కుర్చీకి తల ఆనించి కదలకుండా కూర్చోవాలి, ముడి ఉంటే మెడ వంకర పోతుంది, జడను పక్కకు వేసుకుంటే హాయి. కుర్చీ పళ్ల డాక్టర్ దగ్గర ఉండేలాంటిదే. తలకు బిగుతుగా బట్ట టోపీ తొడిగి, టేపుతో ముక్కు పైనుంచి తల వెనక ఎముక బొడిపె దాకా, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా కొలిచి, స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టారు.

తర్వాత డాక్టరే స్వయంగా కాయిల్ పట్టుకొని తల ఎడమవైపు, చెవికి పైన ఆనించారు. టక్. ఏమీ లేదు. కొంచెం జరిపి మళ్లీ టక్. ఒడిలో వాల్చి పెట్టుకున్న నా కుడిచేతి బొటనవేలు, నేను కదపకుండానే, చిన్నగా ఎగిరింది. నేను దాని వంకే చూస్తున్నాను. మళ్లీ టక్, మళ్లీ ఎగిరింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, నా వేలే, నా మాట లేకుండా. ఎడమ మెదడు కుడిచేతిని నడిపిస్తుందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, అట్లా కళ్ల ముందు చూసేసరికి ఒళ్లు జలదరించింది, ఆ గదిలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే. వేలు పదిసార్లలో ఐదుసార్లు కదలడానికి కావాల్సిన కనీస బలాన్ని కనుక్కుంటారు, అది ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది, దాన్ని బట్టే మీకు ఎంత పెట్టాలో లెక్క కడతారు. నాకు మొదటి రోజుల్లో తక్కువతో మొదలుపెట్టి మెల్లగా ఆ కనీస బలానికి 120 శాతం దాకా తీసుకెళ్లారు. మధ్యలో మందులు మారినా, నిద్ర చెడినా ఈ కొలత మళ్లీ తీయాలి. మీ సెంటర్‌లో బొటనవేలి కొలత తీయకుండా నేరుగా మొదలుపెడుతుంటే ఎందుకని అడగండి.

కొలత అయ్యాక కాయిల్‌ను ముందుకు, నుదుటికి ఎడమవైపు పైభాగానికి జరుపుతారు. డిప్రెషన్‌లో అక్కడి మెదడు భాగం మందగిస్తుందని, దాన్ని రోజూ తట్టి లేపుతూ ఉంటే దానికి లోపల ముడిపడి ఉన్న మిగతా భాగాలు కూడా సర్దుకుంటాయని డాక్టర్ చెప్పారు. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెడతారు, వద్దనకండి, శబ్దం నిజంగా ఎక్కువ. నాకు పెట్టింది పాత పద్ధతి. నాలుగు సెకన్లు టకటకటకటక, తర్వాత 26 సెకన్లు నిశ్శబ్దం, ఇట్లా మొత్తం 3000 పల్స్‌లు, అంటే టక్ మనే దెబ్బలు, ముప్పై ఏడు నిమిషాల పైచిలుకు. తీటా బర్స్ట్ అని కొత్తది ఉంది, అది మూడు నిమిషాల్లో అయిపోతుంది, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో రెండూ దాదాపు సమానంగానే పని చేశాయని తేలింది. మీ సెంటర్‌లో ఏది చేస్తారో, ఎందుకో అడగండి. అమెరికాలో ఐదు రోజుల్లోనే, రోజుకు పది సిట్టింగుల చొప్పున పూర్తి చేసే పద్ధతికి కూడా 2022లో అనుమతి వచ్చింది, నేను అడిగితే మేం చేయడం లేదన్నారు.

నొప్పి సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఎవరో వేలి కణుపుతో నుదుటి మీద ఒకే చోట వరుసగా మొట్టికాయలు వేస్తున్నట్టు ఉంటుంది. మొదటి రోజు ఎడమ కనుబొమ్మ దానంతటదే ఎగిరింది, పై పళ్లు కింది పళ్లు కొద్దిగా తాకాయి, కంట్లో నీళ్లు తిరిగాయి. టెక్నీషియన్ అమ్మాయికి చెబితే కాయిల్ కోణం కొంచెం మార్చింది, సగం తగ్గింది. చాలామంది ఓర్చుకోవాలి కాబోలు అని పళ్లు బిగబట్టి కూర్చుంటారు, అట్లా కూర్చోవద్దు, చెప్పండి, వాళ్లు సర్దుతారు. మొదటి వారం సాయంత్రాలు తలనొప్పి వచ్చేది, పారాసిటమాల్‌కు తగ్గేది, రెండో వారానికి ఆ చోటు అలవాటు పడిపోయింది. మతిమరుపు రాలేదు. వెంట్రుకలు రాలలేదు, ఇది మా ఆడపడుచు అడిగిన మొదటి ప్రశ్న. సిట్టింగ్ జరుగుతుండగా నిద్రపోకూడదు, కళ్లు మూతలు పడుతుంటే ఆ అమ్మాయి "మేడం, మేలుకోండి" అని పలకరించేది, ఏదో ఒకటి మాట్లాడించేది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదంటే ఆ సంగతి కుర్చీ ఎక్కకముందే చెప్పాలి.

రెండు వారాలు ఏమీ జరగలేదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. రెండో వారం చివర్లో నాకైతే ముందుకంటే బరువుగా అనిపించింది, ఇంత డబ్బు, ఇన్ని తిప్పలు, ఇదీ పని చేయకపోతే ఇంకేముంది అన్న ఆలోచన పట్టుకుంది. శుక్రవారం నల్గొండ వచ్చి సోమవారం ఇక పోనన్నాను. మా ఆయన వాదించలేదు, ఆదివారం రాత్రే బ్యాగు సర్ది బండి మీద పెట్టాడు, పొద్దున తనే బస్సు ఎక్కించి పక్కన కూర్చున్నాడు. ఆ వారం డాక్టర్‌కు చెబితే, చాలామంది ఇక్కడే మానేస్తారని, మందుల్లాగే దీనికీ వారాలు పడుతుందని, కొందరికైతే నాలుగో వారం దాటాకే తెలుస్తుందని అన్నారు.

మార్పు మొదట కనబడింది నాకు కాదు. మా చెల్లె మామిడికాయలు కడిగి, బట్ట మీద ఆరబెట్టి, తొక్కు పెట్టడానికి ఒక్కొక్క కాయ తుడుస్తోంది. నేను పక్కన నిలబడి "ఆవపిండి గంత ఎందుకే, అమ్మ గింత వెయ్యకపోయేది" అన్నాను. అది చేతిలో కాయ అట్లాగే పట్టుకొని నా మొహం చూసింది. "అక్కా, రెండేండ్ల నుంచి తిండి గురించి నువ్వొక్క మాట మాట్లాడలే, తెలుసా?" అంది. నిజంగా నాకు తెలియదు. తర్వాత గమనిస్తే ఫోన్ మోగితే ఎత్తుతున్నాను, బస్సులో కిటికీ పక్క సీటు కోసం చూస్తున్నాను, మా అమ్మాయి ఇంటర్ అడ్మిషన్ గురించి నేనే అడుగుతున్నాను. ఆనందం ఉప్పొంగి రావడం లాంటిదేమీ జరగదు, అట్లాంటిది ఎదురు చూస్తే నిరాశ పడతారు.

అందుకే వారం వారం వాళ్లు నింపించే ప్రశ్నల కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇట్లా అనిపించింది అని, మొత్తం 27కి లెక్క. నాది మొదట 20 దాటి ఉండేది, చివరికి 9కి వచ్చింది. పూర్తిగా పోయిందని చెప్పను. ప్రతి సోమవారం నాలుగు మాటల్లో ఏం తేడా కనబడిందో రాయమని చెల్లెకు కూడా చెప్పాను, నేను రాసుకున్నదానికంటే తను రాసిందే డాక్టర్‌కు ఎక్కువ పనికొచ్చింది.

అందరికీ పని చేస్తుందని కూడా అనుకోవద్దు. చేయించుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి చెప్పుకోదగ్గ మార్పు వస్తుందని, మూడో వంతు మందికి జబ్బు లక్షణాలు దాదాపు పోతాయని డాక్టర్ మొదటి రోజే చెప్పారు, గ్యారంటీ ఇస్తామనే సెంటర్ దగ్గరికి అసలు పోవద్దని కూడా ఆయనే అన్నారు. సూర్యాపేట వైపు నుంచి వచ్చే ఒకామె మాతోపాటే మొదలుపెట్టి, ఒక్కరోజు మానకుండా వచ్చి పూర్తి చేసింది, ఆమెకు ఏమీ తేడా రాలేదు. ఆమె తప్పేం లేదు. వరండాలో పక్కపక్కన కూర్చొని మేం మాట్లాడుకున్న చివరి రోజు ఆమెకు డాక్టర్ ఈసీటీ గురించి చెప్పారు, భయపడుతుంటే మా ఆయనకు చెప్పిన ఆ చట్టం సంగతి, మత్తు సంగతి ఆమెకు నేను చెప్పాను. ఆమె బాగుండాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను. అచ్చంపేట నుంచి వచ్చే ఒక తమ్ముడిది ఓసీడీ, చేతులు కడిగిందే కడుగుతాడు, దానికి కాయిల్ వేరే చోట పెడతారు, అతనికి చదువు మీద మళ్లీ కూర్చోగలిగేంత తేడా వచ్చింది.

డబ్బు. మొత్తం కోర్సుకు ఒక ధర చెప్పారు, మా బత్తాయి తోట మీద వచ్చింది అందులోకే పోయింది. కట్టే ముందు మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి: మొదటి రోజు కొలత, డాక్టర్ ఫీజు అందులోనే కలిసి ఉన్నాయా, మెషిన్ చెడిపోయి సిట్టింగ్ తప్పితే మళ్లీ ఇస్తారా, మధ్యలో డాక్టరే వద్దని ఆపేస్తే మిగిలింది వెనక్కిస్తారా. ఇన్సూరెన్స్ సంగతికొస్తే, మానసిక జబ్బులను ఒంటి జబ్బులతో సమానంగా చూడాలని 2017 చట్టంలోనే ఉంది, అయినా అడ్మిట్ కాకుండా చేయించుకునేవాటికి చాలా పాలసీలు డబ్బివ్వవు, మాకూ ఇవ్వలేదు. ముందే కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. చేతిలో అంత డబ్బు లేనివాళ్లు ప్రైవేటులో అప్పు చేయకముందు హైదరాబాద్‌లోని ప్రభుత్వ మానసిక వైద్య విభాగాల్లో అడగండి, బెంగళూరు నిమ్హాన్స్‌లో కూడా ఈ ట్రీట్‌మెంట్ ఉంది.

చివర్లో ఒక్కసారిగా ఆపేయలేదు, వారానికి మూడు, తర్వాత రెండు, తర్వాత ఒకటి చేసి ముగించారు. బడి తెరిచే రోజుకు నేను నల్గొండలోనే ఉన్నాను. వెన్లాఫాక్సిన్ ఇంకా వాడుతున్నాను, ఆర్‌టీఎంఎస్ అయిపోయింది కదా అని సొంతంగా మందు మానేసినవాళ్లు మళ్లీ పడిపోతారని గట్టిగా చెప్పారు, డోసు తగ్గించడం మెల్లగా, వాళ్ల చేతుల మీదుగానే. ఇది ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ ముందే చెప్పరు, కొందరికి ఏడాది, కొందరికి కొన్ని నెలలే, తిరగబెడితే మళ్లీ చేయించుకోవచ్చు, మొదటిసారి పని చేసినవాళ్లకు రెండోసారి కూడా పని చేసే అవకాశం ఎక్కువ. నాకు నేను తెలుసుకోలేనని తేలిపోయింది కాబట్టి చూసే పని మా ఆయనకు, మా అమ్మాయికి అప్పజెప్పాను. ఫోన్లు ఎత్తకపోవడం, తల దువ్వుకోకుండానే బడికి బయల్దేరడం, కూరలో ఉప్పు లేకపోయినా అడగకుండా తినేయడం, ఈ మూడింట్లో ఏ రెండు వారం రోజులు వరుసగా కనబడినా నన్ను అడగకుండానే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. నంబర్ ఇద్దరి ఫోన్లలోనూ ఉంది.